పెంటదిబ్బలో కొబ్బరి వాసన

మా వంగతోటకు రోగం తగిలిందని మొదట కనిపెట్టింది మా నాయన. ఆయనకు కళ్ళు కనపడవు.

నీటికాసుల జబ్బు అని డాక్టరు పేరు పెట్టి చెప్పేసరికే ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది ఏడాదిపాటు కొంచెం కొంచెంగా మసకబారి, చివరికి వెలుగుకూ నీడకూ తేడా మాత్రం తెలిసేటట్టు మిగిలింది. ఊహ తెలిసినప్పటినుంచీ చేలో బతికిన మనిషి. ఇక అరుగు మీద కూర్చోక తప్పదని అందరం అనుకున్నాం. ఆయన మాత్రం నెల తిరక్కముందే తోటలోకి దారి వెతుక్కున్నాడు. మాది మార్కాపురం నుంచి పుల్లలచెరువు వైపు పోయే దారిలో ఒక ఊరు. బోరు నీళ్ళు చాలీచాలక ఎకరన్నర నేలకు డ్రిప్పు వేసుకున్నాం. ఆ డ్రిప్పు పైపులే ఆయనకు దారి అయ్యాయి. చెప్పులు విడిచి, ఎడమ పాదం పైపుకు ఆనించి, సాలు పొడవునా నడిచేవాడు. అడుగుకొక చెట్టు కుడిచేతికి తగిలేది. కాయను అరచేతిలోకి తీసుకొని బరువు చూసి, బొటనవేలితో చుట్టూ ఒకసారి తడిమి, పుచ్చు రంధ్రం లేదని తేల్చుకొని కోసేవాడు. కళ్ళున్నవాళ్ళు కోసిన గంపల్లో పుచ్చుకాయలు కనపడేవి గాని నాయన గంపలో ఒక్కటీ ఉండేది కాదు.

నేను మార్కాపురంలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పొద్దున స్కూటీ మీద పోయి సాయంత్రానికి ఇల్లు చేరతాను. సేద్యమంతా మా ఆయనదే. ఆయన మా మేనత్త కొడుకు. నా మెడలో తాళి కట్టకముందు నుంచీ నాయనతో కలిసి ఆ నేలను దున్నినవాడు. ఇంట్లో మేం ముగ్గురం. ఇల్లు తోటను ఆనుకునే ఉంటుంది. పెరట్లో నిలబడితే సాళ్ళన్నీ కనపడతాయి, వాటి వెనక దూరంగా నల్లమల కొండలు.

ఆ రోజు ఆదివారం. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. తోటలోంచి నాయన కేక వేశాడు.

"అల్లుడా! ఈడ నీళ్ళు పడ్తాండాయో లేదో చూడు."

మా ఆయన పోయి పైపు ఎత్తి చూశాడు. "బాగనే పడ్తాండాయి మామా. మట్టి తడిసే ఉంది."

"తడిసుంటే ఆకు ఎందుకు ఇట్లుండాది? పట్టుకో. తడిగుడ్డ మాదిరి వేలాడ్తాంది."

నేనూ పోయి చూశాను. చెట్టు పచ్చగానే ఉంది. కాపు మీద ఉంది. నాయన పట్టుకొని చూపించకపోతే నేను దాన్ని దాటి వెళ్ళిపోయి ఉండేదాన్ని. ఎండకు వాలిందేమోలే నాయనా అన్నాను. సాయంత్రం చల్లబడ్డాక ఆకు మళ్ళీ నిక్కింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వాలింది. మూడో రోజు ఇక లేవలేదు.

పీకమన్నాడు నాయన. పీకడానికి బలమేమీ పెట్టనక్కరలేకపోయింది, పట్టుకోగానే చేతికి వచ్చేసింది. వేరు మీది తోలు ఉడికిన గెనుసుగడ్డ తోలులాగా జారిపోయి లోపల గోధుమరంగు పుల్ల మిగిలింది. కాండం నేలను తాకే చోట తెల్లటి దారాలు దూది పరిచినట్టు అల్లుకొని ఉన్నాయి. వాటి మధ్య చిన్న చిన్న గుండ్రటి గింజలు. నాయన రెండు గింజల్ని వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. నలగలేదు.

"ఈడ ఆవాలు ఎవరు చల్లినారు?" అన్నాడు.

చూస్తే ఆవాలే. అదే రంగు, అదే నునుపు. నాకు మాత్రం అవి ఏమిటో గుర్తొచ్చింది. ఎప్పుడో కాలేజీలో చదివాను, పరీక్ష రాసి మరిచిపోయాను. మొదలుకుళ్ళు తెచ్చే బూజు తన ప్రాణాన్ని ఇలాంటి ఉండల్లో మూటగట్టి మట్టిలో వదిలేస్తుంది. ఎండ పడినా, వాన పడినా, తిండి లేకపోయినా అవి చావవు. ఏళ్ళ తరబడి అట్లాగే పడి ఉండి, వేరు దగ్గరికి వచ్చినప్పుడు మేలుకుంటాయి. ఆ సంగతి చెప్పాను. నాయన తన వేళ్ళ మధ్య ఉన్న గింజలను కిందపడేయకుండా నా అరచేతిలో జాగ్రత్తగా పెట్టాడు.

మా ఆయన అదే రోజు మార్కాపురం పోయి మందు తెచ్చాడు. నీళ్ళలో కలిపి చెట్ల మొదళ్ళలో పోశాం. వారం రోజులు ఆగినట్టే అనిపించింది. తర్వాత పక్క సాల్లో రెండు చెట్లు వాలాయి, ఆ పక్క సాల్లో మూడు. మళ్ళీ పోశాం. మందు మార్చి పోశాం. చచ్చిన చెట్టును పీకి పడేసిన చోటునుంచి రోగం నీళ్ళతో పాటు కిందికి జారుతున్నట్టుగా ఉండేది. చూస్తుండగానే తోటలో అక్కడక్కడా ఖాళీలు పడ్డాయి.

ఆ ఖాళీలు మా కంటే నాయనకు ఎక్కువ తెలిసేవి. ఒక సాయంత్రం నేను పెరట్లోంచి చూస్తున్నాను. పైపు వెంట నడుస్తూ చెయ్యి చాపాడు. చెట్టు తగల్లేదు. అడుగు లెక్క తప్పానేమో అనుకున్నట్టు ఒక అడుగు వెనక్కు వేశాడు, మళ్ళీ ముందుకు వచ్చాడు, మళ్ళీ చెయ్యి చాపాడు. గాలి తగిలింది. ఆ చెయ్యి అట్లాగే కాసేపు గాల్లో నిలిచింది. తర్వాత కిందికి వంగి, ఖాళీ గుంతలో మట్టిని తడిమి, లేచి ముందుకు నడిచాడు. రెండు అడుగులకే మళ్ళీ ఇంకో ఖాళీ.

మర్నాటి నుంచి ఆయన తోటలోకి పోలేదు.

"ఏం నాయనా, పోవట్లేదు?" అని అడిగాను.

"పోయి ఏం జేయాల పాపా? చెయ్యి పెట్టినకాడంతా ఏమీ లేదే తగుల్తాంది."

మా ఊరి రైతు కేంద్రంలో ఒక అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. గిద్దలూరు వైపు పిల్ల. సన్నగా, చురుగ్గా ఉంటుంది. తోటకు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, నాలుగు చెట్లు పీకి చూసి మొదలుకుళ్ళేనని తేల్చింది. రెండు రోజుల తర్వాత ఒక పొట్లం పట్టుకొని వచ్చింది. అందులో బూడిదకు కొంచెం పచ్చదనం కలిసినట్టుండే పొడి ఉంది. పొట్లం మీద ట్రైకోడెర్మా అని రాసి ఉంది.

"ఇంకో మందా?" అన్నాడు మా ఆయన.

"మందు గాదన్నా. బూజు. ప్రాణముండే బూజు. మట్టిలో ఎట్లాగూ ఉంటాది గానీ మన నేలలో తక్కువైంది. దీన్ని పెంచి మట్టిలోకి వదిల్తే ఆ ఆవాల బూజును ఇది తింటాది."

మా ఆయన నవ్వాడు. "చెట్టును చంపేదీ బూజే, కాపాడేదీ బూజేనా? కథ బాగుందమ్మా."

"ఊళ్ళో దొంగా ఉంటాడు, కావలోడూ ఉంటాడు గదన్నా. ఇద్దరూ మనుషులే."

నాయన అరుగు మీద కూర్చుని అంతా వింటున్నాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "పెంచాలంటివి గదమ్మా. మేత ఏంది దానికి?"

ఆ అమ్మాయి ముఖం విప్పారింది. అంతకుముందు చాలా ఊళ్ళలో చెప్పి ఉంటుంది. ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. పోయి ఆయన పక్కన కూర్చుంది.

"బాగా మాగిన పశువుల ఎరువు తాతా. దాంట్లో వేపపిండి. పైన కొంచెం బెల్లం నీళ్ళు చల్లాల. నీడన పెట్టి గోనెపట్టా కప్పాల. ఎండ తగలకూడదు, ఎండిపోకూడదు. అట్లని నీళ్ళు కారకూడదు. పిడికిట్లో పట్టి పిండితే ముద్ద నిలవాల, చుక్క రాలకూడదు."

"పిడికిలి పని అయితే అది నాకొదిలేయండి," అన్నాడు నాయన.

పశువుల కొట్టంలో ఒక మూలన ఎరువు పోసి, పొడి కలిపి, కుప్ప చేశాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నాయన గోడ పట్టుకొని పోయి, గోనెపట్టా కింద చెయ్యి దూర్చి, పిడికెడు తీసి పిండి చూసేవాడు. ఒట్టిగా ఉంటే నీళ్ళు చిలకరించేవాడు. వారంలో తెల్లగా బూజు అల్లుకుంటుందని, తర్వాత పచ్చబడుతుందని ఆ అమ్మాయి చెప్పి పోయింది.

నాలుగో రోజున నాయన "దీంట్లో ఏందో మందు వాసనొస్తాంది" అన్నాడు. మేం పట్టించుకోలేదు. వారం గడిచింది. తెలుపూ రాలేదు, పచ్చా రాలేదు. ఆ అమ్మాయి వచ్చి కుప్పను నాలుగు చోట్ల తవ్వి చూసి తల గోక్కుంది.

"ఏమన్నా కలిపినారా అన్నా దీంట్లో?"

మా ఆయన ఎద్దుల వైపు చూస్తూ నిలబడ్డాడు. "అదే... మొన్న మొదళ్ళలో పోసిన మందు డబ్బాలో అడుగున కొంచెం మిగిలుంటే... రెండూ కలిస్తే ఇంకా గట్టిగా పన్జేస్తాదని పోసినా."

ఆ పిల్ల నేల మీద చతికిలబడి, నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "అన్నా! అది బూజును చంపే మందు. ఇదీ బూజే గదా!"

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాయన ఒక్క మాట కూడా కోప్పడలేదు. "నా ముక్కు చెప్పినప్పుడే వినుంటే నాలుగు దినాలు మిగిలేటివి," అని మాత్రం అన్నాడు. ఆ మరుసటి రోజు మా ఆయనే కొత్త ఎరువు తోలి, కొట్టంలో ఇంకో మూలను కడిగి, డబ్బాలూ బకెట్లూ అన్నీ తోమి, రెండో కుప్ప పోశాడు.

రెండో కుప్ప పోసిన ఆరోరోజు పొద్దున్నే నేను స్కూలుకు పోవడానికి క్యారియరు సర్దుకుంటున్నాను. నాయన వసారాలోంచి పిలిచాడు.

"పాపా, ఈ పొద్దు ఏం పండగ? కొబ్బరికాయ కొట్టినారా?"

"లేదే నాయనా. ఏం పండగా లేదు."

"మరి పచ్చికొబ్బరి వాసనొస్తాందే."

ఇంట్లో కొబ్బరి ముక్క కూడా లేదు. పక్కింట్లో కొట్టారేమో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, లేచి, గోడ పట్టుకొని నడిచాడు. వంటింటి వైపు కాదు, వీధి వైపు కాదు. తిన్నగా కొట్టంలోకి. నేను వెనకే పోయాను. కుప్ప ముందు గొంతుక్కూర్చుని, గోనెపట్టా అంచు పట్టి ఎత్తాడు.

"ఇదిగో. ఈడనుంచే!"

నాయనకు వయసు మీద పడుతోందేమోననే అనుమానం ఒక్క క్షణం నాకు వచ్చిన మాట నిజం. అట్లా అనుకుంటూనే వంగాను. పేడా మట్టీ వాసన వస్తుందని ముందే ముక్కు ముడుచుకున్నాను. కాని వచ్చింది అప్పుడే పగలగొట్టిన కొబ్బరి చిప్పలోంచి వచ్చే వాసన. తియ్యగా, చల్లగా. నేను ఇంకోసారి గట్టిగా పీల్చాను. అదే. కుప్ప పైనంతా తెల్లగా సన్నటి పొర అల్లుకొని ఉంది. దాని మీద అక్కడక్కడా గోరింటాకు పొడి చల్లినట్టు పచ్చదనం.

"నాయనా, పచ్చబడింది!" అన్నాను.

"ప్యాడలోంచి కొబ్బరి వాసన!" అని ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళు పోయిన తర్వాత ఆయన అట్లా నవ్వగా నేను వినలేదు. 

రైతు కేంద్రం అమ్మాయికి ఫోన్ చేశాను. "అవునక్కా, కొన్ని రకాలకు ఆ వాసనుంటాదని చదివినా. నేనెప్పుడూ పీల్చలేదు. ఉండండి, కదిలించొద్దు, వస్తాండా!" అని పదే పది నిమిషాల్లో బండి మీద దిగింది. వచ్చీ రాగానే మాతో పాటు కుప్ప మీదికి వంగింది. అప్పుడే పాల క్యాను దింపి కొట్టంలోకి వచ్చిన మా ఆయన, పెంటకుప్ప చుట్టూ మూడు తలలు వంగి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏందీ, ఏం పోగొట్టుకున్నారు?" అన్నాడు. ఆయనా వచ్చి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

ఆ రోజు స్కూలుకు ఆలస్యంగా వెళ్ళాను.

బడిలో ఏడో పీరియడ్‌లో బోర్డు మీద బూజు బొమ్మ గీయాల్సి వచ్చింది. ఇన్నేళ్ళుగా గీస్తున్న బొమ్మే. దారాల్లాంటి గీతలు, చివర్లలో గుండ్రటి చుక్కలు. గీస్తూ గీస్తూ సిగ్గేసింది. బతికి ఉన్నదాన్ని మైక్రోస్కోపులో నేను ఎన్నడూ చూడలేదు. పిల్లలకు చూపించిందీ లేదు. మా ల్యాబ్‌లో ఉన్న ఒక్క మైక్రోస్కోపు ఏడాదికి ఒకసారి ఉల్లిపొర చూపించడానికి బయటికొచ్చి మళ్ళీ బీరువాలోకి పోతుంది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి, మిఠాయి డబ్బా మూతలో తడి కాగితం పరిచాను. చచ్చిన వంగ మొదళ్ళనుంచి ఏరిన ఆవాలలాంటి ఉండలు పది దాని మీద పెట్టి, కుప్ప మీది పచ్చపొడి చిటికెడు చల్లి, మూసి, మర్నాడు స్కూలుకు తీసుకెళ్ళి ల్యాబ్ బీరువాలో దాచాను. రోజూ తీసి చూసేదాన్ని. మొదట ఉండలు మొలకెత్తినట్టు తెల్లటి దారాలు వదిలాయి. నాకు భయమేసింది, రోగమే గెలుస్తోందనుకున్నాను. తర్వాత పచ్చదనం వాటి మీదికి పాకింది. వారం తిరిగేసరికి గోటితో నొక్కితే కొన్ని ఉండలు మెత్తగా అణిగిపోయాయి. నాయన వేళ్ళ మధ్య నలగని గింజలు అవే.

సెలవు రోజున స్కూలుకు పోయి, వాచ్‌మన్‌ను అడిగి ల్యాబ్ తెరిపించుకున్నాను. ఆ దారాల్లోంచి కొంచెం సూదితో తీసి, నీటిబొట్టులో పరిచి, మైక్రోస్కోపు అద్దం కింద పెట్టాను. చాలాసేపు ఏమీ తెలియలేదు. మట్టిరేణువులు, గాలిబుడగలు. అద్దం తుడిచి, స్లైడును కొంచెం కొంచెంగా జరుపుతూ పోయాను. ఉన్నట్టుండి కనపడింది.

లావుపాటి దారం ఒకటి నిటారుగా పోతోంది. దాని చుట్టూ ఇంకో సన్నటి దారం, చిక్కుడు తీగ కర్రకు చుట్టుకున్నట్టు, మెలిక మెలికకూ ఒకే దూరంతో చుట్టుకొని ఉంది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా సడలింపు లేదు. కొంచెం ముందుకు జరిపితే లావు దారం లోపలి సరుకంతా పోయి ఒట్టి గాజుగొట్టంలా మిగిలి ఉంది. ఇంకాస్త పక్కకు జరిపాను. అక్కడా అదే. ఇంకో చోట సన్న దారం కొస ఒకటి నీటిలో ఒంటరిగా, ఎదుటి దారానికి వెంట్రుకవాసి దూరంలో, దాని వైపే వంగి ఆగి ఉంది.

బయట మధ్యాహ్నపు ఎండ, ఎక్కడో లారీ హారను. నేను నిలబడ్డ నేల కింద, మా తోట కింద, నేను స్కూటీ మీద రోజూ దాటిపోయే కంది చేల కింద, అరుపు లేకుండా, వెలుతురు లేకుండా ఇదంతా జరుగుతూనే ఉందన్నమాట. నేను పుట్టకముందు నుంచీ. పాఠం చెప్పేదాన్ని నేను. నాకే తెలియదు. ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగి అద్దంలో బొమ్మ అలుక్కుపోయింది. తుడుచుకొని మళ్ళీ చూశాను.

ఇంటికి వస్తూ దారంతా ఒకటే ఆలోచన. ఇది నాయనకు ఎట్లా చెప్పడం? చూసినదాన్ని చూసినట్టు చెబితే ఆయనకు ఏం అందుతుంది? ఇల్లు చేరి, గోనెసంచి కుట్టే పురికొస ఒక మూర, దీపం వత్తులు చేసే దూదితో పేనిన సన్నటి దారం ఒకటి తీసుకున్నాను. నాయన పక్కన కూర్చుని, పురికొసను ఆయన రెండు చేతుల మధ్య బిగించి పట్టుకోమన్నాను. దాని మీద దూది దారాన్ని మెలిక మెలికగా చుట్టుకుంటూ పోయాను.

"ఇప్పుడు తడుము నాయనా. ఈ లావుది రోగం. పైన చుట్టుకునేది మనం పెంచింది."

ఆయన వేళ్ళు మెలికల మీదుగా మెల్లగా నడిచాయి. ఆ చివరికంటా పోయి మళ్ళీ ఈ చివరికి వచ్చాయి.

"నిజంగా ఎంత సన్నముంటాది?"

"వెంట్రుకను నిలువునా పది పోగులు చీలిస్తే ఒక పోగు ఎంతో అంత."

"దానికి కళ్ళుండాయా?"

"లేవు నాయనా."

"చెవులు?"

"లేవు."

"మరి మట్టి కింద ఆ చీకట్లో ఎదుటిది యాడుందో దానికెట్ల తెలుస్తాది?"

"వాసన లాంటిదేదో తెలుస్తాదంట. ఆ వాసన వచ్చే దిక్కుకు పెరుగుతాదంట. దగ్గరికి పోయినాక తాకి చూస్తాది. తాకితేనే దానికి తెలిసేది, ఇది తన మేతా కాదా అని. మేతయితే చుట్టుకుంటాది. కాకపోతే పక్కనుంచి పోతాది."

నాయన వేళ్ళు దారం మీద కదులుతూనే ఉన్నాయి.

"తాకి చూస్తాదా," అన్నాడు చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు.

"ఆ నాయనా."

వివరంగా చెప్పడానికి ఇంకా చాలా ఉంది గాని, అక్కడినుంచి ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా అర్థమవుతున్నట్టు అనిపించింది.

అప్పటికే రోగం ముదిరిపోయి, పాత తోటను మేం కాపాడుకోలేకపోయాం. మిగిలిన కాయ కోసుకొని, చెట్లన్నిటినీ వేళ్ళతో సహా పీకి కాల్చేశాం. ఎండాకాలం నేలను దున్ని వదిలేశాం. తొలకరి పడ్డాక కొత్తగా కొట్టంలో మూడు కుప్పలు పోసి, వంగనారు తెచ్చాం. ఆ అమ్మాయి చెప్పినట్టు నారు వేళ్ళను పచ్చపొడి కలిపిన నీళ్ళలో ముంచి నాటాం. గుంతకొక పిడికెడు ఎరువు వేయాలి. ఆ పని నాయన ఎవరికీ ఇవ్వలేదు. ఎడమ పాదం పైపుకు ఆనించి, నడుముకు గుడ్డసంచి కట్టుకొని, ప్రతి గుంత దగ్గరా కూర్చుని, పిడికెడు వేసి, వేలితో మట్టిలో కలిపి లేచేవాడు. "పెద్దాయన ఒక్కో గుంతనూ పలకరిస్తాండాడు, మనం పొద్దుగూకినా ఇల్లు చేరం," అని నాటడానికి వచ్చిన ఆడవాళ్ళు నవ్వుకున్నారు. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఆయన కాళ్ళు వాచాయి. వేడినీళ్ళ కాపడం పెడుతుంటే, "పోయిందంతా పోయింది పాపా, ఇంక నా చెయ్యి తగలని గుంత లేదు," అన్నాడు.

తర్వాత ఎదురుచూడటం. మా ఆయన రోజూ మిట్టమధ్యాహ్నం, ఏ చెట్టు వాలినా తెలిసే వేళ, తోటంతా తిరిగేవాడు. పూత వచ్చేదాకా ఏమీ కాలేదు. పూత మీద ఉండగా పల్లపు వైపు చివర పదకొండు చెట్లు వాలాయి. మా ఆయన ముఖం నల్లబడింది. ఆ అమ్మాయి వచ్చి చూస్తే అక్కడ పైపు పగిలి నీళ్ళు నిలుస్తున్నాయి.

"ఇదేం మంత్రం గాదన్నా," అంది. "వేరు నీళ్ళల్లో నానితే ఇదేం చేయలేదు. ముందు నీళ్ళు తీసేయండి."

పైపు మార్చి, కాలువ తీసి నీళ్ళు పంపేశాం. ఆ పదకొండూ పోయాయి. పన్నెండోది పోలేదు. మిగిలిన సాళ్ళలో నాయన చెయ్యి చాపిన ప్రతిచోటా చెట్టు తగిలింది. ఆయన మళ్ళీ గంప పట్టుకొని కాయ కోయడం మొదలుపెట్టాడు.

కాపు మంచి జోరు మీద ఉన్న రోజుల్లో ఒక ఉదయం నాయన అన్నాడు, "అల్లుడా, ఒక చెట్టు నాకియ్యి."

"ఏం జేస్తావు మామా?"

"పీకి చూస్తా."

"కాపు మీదుండే చెట్టునా?" అని మా ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన పోయి గడ్డపార తెచ్చాడు. ఇంటికి దగ్గరి సాల్లో ఒక చెట్టు చుట్టూ ముందు నీళ్ళు పోసి నానబెట్టి, దూరంగా గుండ్రంగా తవ్వి, మట్టిగడ్డతో సహా చంటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. పశువుల తొట్టి పక్కన కూర్చుని నీళ్ళు పోస్తూ మట్టిని మెల్లగా కరిగించాం. అరగంట పట్టింది. మట్టి పోయేకొద్దీ వేళ్ళు బయటపడ్డాయి. మేం ఇదివరకు పీకిన చెట్లకు ఇట్లాంటి వేళ్ళు నేను చూడలేదు. తెల్లగా, దట్టంగా, ఇప్పుడే దువ్వి వదిలిన జుట్టులా కిందికి జారాయి.

నాయన వాటిని తన ఒళ్ళో పరుచుకున్నాడు. పంచె తడిసిపోతున్నా పట్టించుకోలేదు. తల్లివేరు పట్టుకొని, దాని నుంచి చీలిన కొమ్మవేరు పట్టుకొని, దాని నుంచి చీలిన దాన్ని పట్టుకొని, ఒక్కొక్కదాన్నీ కొసదాకా తడుముతూ పోయాడు. పోగా పోగా ఒక చోట ఆయన వేళ్ళు ఆగాయి.

"ఈడికి అయిపోయిందా పాపా, ఇంకా ఉందా?"

వంగి చూశాను. వేరు కొస నీటిచుక్కలో కలిసిపోయి ఉంది. దాని అవతల కూడా ఉందని నాకు తెలుసు.

"ఇంకా ఉంది నాయనా. నాక్కూడా కనపడట్లేదు."

ఆయన ఆ కొసను వదలకుండా కాసేపు అట్లాగే పట్టుకొని కూర్చున్నాడు. "ఇంత పని కిందనే జరుగుతాంటే, మనం పైన నిలబడి చెట్టు పాయె చెట్టు పాయె అని ఏడుస్తిమి," అన్నాడు. తర్వాత మా ఆయన చెయ్యి వెతికి పట్టుకొని తన ఒళ్ళోని వేరుపోగుల మీద పెట్టాడు.

"కళ్ళు మూసుకో అల్లుడా. మూసుకొని పట్టుకో."

మా ఆయన మూసుకున్నాడు. మొదట ఏదో మొహమాటపడుతున్నట్టు పెదవుల మీద చిన్న నవ్వు ఉంది. తర్వాత అది పోయింది. గడ్డపార పట్టి కాయలు కాసిన ఆయన వేళ్ళు ఆ తెల్లటి పోగుల మధ్య, ఏమైనా తెగుతుందేమోనన్నంత మెల్లగా కదులుతున్నాయి. వాకిట్లో పరిచిన పలకరాళ్ళ మీదుగా మట్టినీళ్ళు తోట వైపు పారుతున్నాయి.